ఒక చేతి గాజులతో వర్తూరు దాకా

"ఏమయ్యా, నువ్వు పోతే నేనేం కావాల?" అంటి.

"వచ్చినోడుంటే కదా పోయేది," అన్నాడు మా ఇంటాయన.

"ఆ తత్వాలు మీ బోధోళ్ళ కాడ చెప్పుకో. ఈ గాజులు తీయాల్నా, ఉంచుకోవాల్నా, నాకది చెప్పు."

"వర్తూరు పోయి గురమ్మను అడుగు."

అంతే. అదే ఆయన ఆఖరి మాట. గంజి తాపుదామని తల ఎత్తి పట్టుకుంటే, పట్టుకున్న చేతిలోనే తల బరువెక్కింది.

బోధోళ్ళంటే ఎవురో తెలియని వాళ్ళకు చెప్తా. మా మదనపల్లి పక్క పల్లెల్లో అట్లాంటోళ్ళు వీధికొకరుంటారు. గుడికి పోరు, తిరణాలకు పోరు. గురువు ముందర కూసుంటే ఇద్దరి మీదా కంబళి కప్పుతారు. ఆ ముసుగు కింద గురువు చెవిలో ఒక మాట వేస్తాడు. అది పెండ్లానికి గూడా చెప్పగూడదు. పొద్దు మునిగితే తంబూర మీటుకుంటా, ఎరుక పోవాల, ఏమీ లేని బయలే ఉండాల అని పాడుకుంటారు. ఎరుక పోతే రేషను బియ్యం ఎవురు తెస్తారని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వి, పోయి బియ్యం తెచ్చేవాడు.

మా ఆయన మేస్త్రి. బెంగళూరులో వర్తూరు పక్క అపార్టుమెంట్లు కట్టేదానికి పోయి, ఆడ ఒక మఠంలో బోధ తీసుకున్నాడు. ఆ గురువు పోయినాక ఆయన భార్య గురమ్మే మఠం చూసుకుంటాంది. నేను ఎప్పుడూ ఆడికి పోలేదు.

ఆయన పోయినప్పుడు కాల్చలేదు, పండబెట్టలేదు. చేను గట్టున గుంత తీసి, బాసింపట్టు వేయించి కూసోబెట్టి, ఉప్పూ ఇబూదీ పోసి కప్పినారు. కర్మం నాడు మా తోడికోడండ్లు నన్ను బాయి కాడికి తోడుకపోయినారు. గాజులు పగలగొట్టే ముసలామె ఎడమ చేతివి రాయికేసి కొట్టింది. కుడి చెయ్యి పట్టుకునే లోపల బోధోళ్ళు వచ్చి అడ్డం నిలబడినారు. "ఆయన చావలేదు, బయల్లో నిండినాడు. నిండినోడి పెండ్లాం గాజులు తీయగూడదు," అన్నారు. "చావకుండానే గుంతలో పెట్టినామా?" అన్నాడు మా బావ. వాళ్ళూ వీళ్ళూ అరుచుకుని, వండిన కూడు చల్లారినాక తిని, ఎవురిండ్లకు వాళ్ళు పోయినారు.

నేను మిగిలినాను. కుడి చేతికి గాజులు, ఎడమ చెయ్యి బోడి. కుడి పక్క నుంచి చూసినోళ్ళకు ముత్తైదువను, ఎడమ పక్క నుంచి చూసినోళ్ళకు ముండను. పెండ్లికి పిలవాల్నో వద్దో తెలియక మొగం తిప్పుకుంటారు. పలకరించి ఏడుద్దామని వచ్చినోళ్ళు గూడా కుడి చెయ్యి చూసి గడపలోనే నిలబడిపోతారు. ఎన్నాళ్ళని ఇట్లా? ఆ సంగతి తేల్చుకునేదానికే బయలుదేరితి. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో పనిచేసే మా తమ్ముని కూతురు సరళ, రా అత్తా నేనుండాను అనింది. ఇది రాస్తాండేదీ ఆ పిల్లే.

చింతామణి దోవ

బస్సులో కిటికీ పక్కన, ఎడమ వైపు సీటు దొరికింది. బోడి చెయ్యి కిటికీ పక్కకు, గాజుల చెయ్యి జనం పక్కకు. నేనేం కావాలని కూసోలేదు.

నా పక్కన ఒక పెద్దామె, ఆమె పక్కన కొత్త కోడలు. పసుపుతాడు ఇంకా పచ్చగా ఉంది. బొట్టు స్థానంలో నాకు ఇబూది ఉంటే, ఆమె దాన్ని చూడలేదో, మొక్కు అనుకునిందో. ఏ ఊరు, ఎంతమంది పిల్లోళ్ళు అని అడిగింది. చింతామణి సంతలో టమేటాకు ధర లేదని, చేనులోనే వదిలేసినామని చెప్పింది. మంచి మనిషి. అటుకుల ఉండ పెట్టింది. పూల పొట్లం విప్పి, ఒక మూర తుంచి, "మా కోడలికి పెట్టండక్కా, పెద్ద ముత్తైదువ చెయ్యి," అనింది.

నేను వద్దనే లోపల డ్రైవరు బ్రేకు కొట్టినాడు. పడకుండా ఎడమ చెయ్యి ఎత్తి కమ్మీ పట్టుకున్నా. కొంగు జారింది. బోడి చెయ్యి, పూల కోసం నా పక్కకు వంగిన ఆ పిల్ల మొగం ముందరే నిలిచింది.

పెద్దామె నా ఒడిలో ఉన్న పూలు తీసుకుని పొట్లంలో పెట్టుకుని, మళ్ళా ఏమనుకునిందో, ఆ పొట్లాన్ని కిటికీలోంచి పారేసింది. కోడల్ని లేపి ముందరికి తోడుకపోయింది. ఖాళీ అయిన ఆ రెండు సీట్లలో హొసకోటె దాకా ఎవురూ కూసోలేదు. జనం నిలబడే ఉన్నారు. ఒకాయన కూసోబోయి, సీటును చేత్తో తడిమి, "ఎవురన్నా ఉండారా?" అని నన్నడిగినాడు. ఎవురూ లేరని చెప్పినా. ఆయన నమ్మినట్ల లేదు.

హొసకోటె

పాత మద్రాసు రోడ్డు మీద హొసకోటె. లారీలు, ఫ్యాక్టరీ పొగ. సరళ ఈడే దిగమనింది, ఆడినుంచి ఇంకో బస్సు. ఇడ్లీ తిన్నా. చట్నీలో తీపి. మా పక్క చట్నీ తింటే కండ్లలో నీళ్ళు రావాల. ఈడ చట్నీ తిని చేతులు కడుక్కుంటే మళ్ళా తినబుద్ధయితాది. ఆ ఇడ్లీల ధరకు మా ఊర్లో ఇంటిల్లిపాదీ తింటారు.

బస్టాండు ఎదురుగా గాజుల అంగడి. అంగట్లో ముసలాయన నన్ను పిలిచి, అడగకుండానే ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. గాజులోళ్ళకు అదొక పట్టింపు, అంగడి ముందర ఆడమనిషి బోడి చెయ్యితో నడవగూడదని. వేళ్ళు కలిపి నొక్కి కొలత చూసినాడు. తర్వాత కుడి చెయ్యి చూసినాడు. చెయ్యి వదల్లేదు గానీ నొక్కడం ఆపినాడు.

"ఏమ్మా, ఇదేం లెక్క?"

"మొగుడు సగమే చచ్చినాడు," అంటి. నా నోరు అట్లాంటిది.

ఆయన నవ్వలేదు. వర్తూరికా పోతాండేది అని అడిగినాడు. ఎట్ల తెలిసిందంటే, వర్తూరు మఠంలో ఒకామె ఉండాది, ఆమె గూడా మొగుడు పోయినా గాజులు తీయలేదు అన్నాడు. గాజుల మలారం భుజానేసుకుని వయసులో ఉన్నప్పుడు ఆ వీధుల్లో తిరిగేవాడంట. ఆమెకు గాజులు వేసింది తనే. మొగుడు సమాధిలో కూసున్నాక కొత్తవి ఊరికే ఇస్తానన్నా ముట్టలేదంట. అంగడి గాజు ముత్తైదువలకు, నాకు పనికిరాదు, నిండినోడి పెండ్లాం చేతి గాజైతేనే నా చేతికెక్కాల అనిందంట. అట్లాంటి ఆడది ఇంకొకతి యాడుంటాది? పాతవి ఒకటొకటే పగులుతాండాయి, చివరి గాజు పగిలిన నాడు సమాధిలో ఉండే సామి నిజంగానే పోతాడని ఆమె భయం. ఇదంతా ఆయన గుసగుసగా చెప్పి, నా ఎడమ చెయ్యిని మెల్లగా నా ఒడిలో పెట్టినాడు, ఎవురిదో వస్తువు తిరిగిచ్చినట్ల.

బ్రూక్‌ఫీల్డ్

సరళ ఉండే హాస్టల్లో లిఫ్టు ఉంది. లిఫ్టులో నిలువుటద్దం. తలుపు మూసుకున్నాక అద్దంలో ఒకామె నన్ను చూస్తాంది. ఆమెకు ఎడమ చేతికి గాజులు, కుడి చెయ్యి బోడి. ఇద్దరం కలిస్తే ఒక నిండు ముత్తైదువ. నేను కొంగు సర్దుకుంటే ఆమె రవ్వంత ఆలస్యంగా సర్దుకున్నట్ల తోచింది. సరళకు చెప్తే, లిఫ్టు అదురుతాది లే అత్తా అనింది. మర్నాడు మెట్లు దిగినా.

మా ఊర్లో అయితే నా చెయ్యి చూసి వీధి వీధే అడుగుతాది. ఈడ ఎవురూ అడగలేదు. సరళ గదిలో ఉండే పిల్ల మాత్రం చూసి, ఆంటీ మీది భలే స్టైలు అనింది. తన చెయ్యి చూపించింది, ఒక చేతికి గడియారం, ఇంకో చేతికి ఒకటే గాజు. ఆ పిల్లకు పెండ్లి కాలేదు. పుల్కాలు తింటా ముగ్గురం నవ్వుకున్నాం. ఆయన పోయినాక ఇంకొకరితో కూసుని నవ్వింది ఆ పూటే.

వర్తూరు

సరళ ఆటో ఎక్కించి, ఆఫీసుకు సెలవు దొరకలేదని తను పనికి పోయింది. ఆటో తోలేది కదిరి పిల్లోడు. చెరువు దగ్గరికొచ్చేసరికి ముక్కు మూసుకో పెద్దమ్మా అన్నాడు. మబ్బు పట్టి గాలి కొడతాంది. చెరువు మీంచి తెల్లటి నురగ లేచి రోడ్డు మీదికి వస్తాంది. దూది కాదు, మంచు కాదు. ముద్దలు ముద్దలుగా పాకుతా, మనిషిని చూసి ఆగినట్ల ఆగి, మళ్ళా కదులుతాది. ఒక ముద్ద నా చీర కుచ్చిళ్ళకు అంటుకునింది. తుడిస్తే తడి లేదు. వాసన మాత్రం మిగిలింది. ఫ్యాక్టరీల మురికి అన్నాడు ఆ పిల్లోడు, అయినా దండం పెట్టుకున్నాడు.

మఠం పెద్దదేమీ కాదు. రెండు పెద్ద అపార్టుమెంట్ల నడుమ ఒక పెంకుటిల్లు. పైన జనం బట్టలు ఆరేసుకుంటాండారు, టీవీలు మోగుతాండాయి, కింద ఆ ఇంటికి మాత్రం ఎండ రాదు. పగలే దీపం. తలుపు కాడ మునియప్ప అనే పెద్దాయన ఉండాడు, బోధ తీసుకున్నాయనే. నేను ఫలానా మేస్త్రి పెండ్లాన్నని చెప్తే చేతులు జోడించి, "మెల్లగా రామ్మా. మెల్లగా మాట్లాడు. గురమ్మ చేతులకు ఏదీ తగలగూడదు," అన్నాడు.

గురమ్మ చాప మీద కూసోనుంది. పండు ముసలామె. ముందర ఒక దిండు, దిండు మీద రెండు చేతులూ పసిబిడ్డల్ని పండబెట్టినట్ల పెట్టుకోనుంది. కుడి చేతికి రెండు నల్లగాజులు, ఎడమ చేతికి ఒకటి. ఆ ఒకటి ఎప్పుడో బీటు విచ్చితే దారం చుట్టి నిలబెట్టినారు. నొసట రూపాయంత బొట్టు. అది గూడా ఆమె పెట్టుకునింది కాదు, మునియప్ప భార్య పెడతాది. చేతులతో ఆమె ఏ పనీ చెయ్యదు. నీళ్ళు గూడా ఇంకొకరు తాపాల్సిందే.

ఆమె కూసున్న గదిలోనే, నడిమధ్యన సామి సమాధి. ఆయన్ను కూసోబెట్టి పైన బండలు పరిచింది మా ఆయనంట. నాకు ఆ సంగతి ఆ పొద్దే తెలిసింది. "గాలికి సందు విడిచిపెట్టు మేస్త్రీ అంటే, ఎందుకని అడగకుండా విడిచినాడు," అనింది గురమ్మ. చూస్తే బండల నడుమ వేలు దూరేంత సందు. దాని చుట్టూ రాయి నున్నగా మెరుస్తాంది.

మధ్యాహ్నం రాగి సంగటి, బస్సారు పెట్టినారు. ఆకుకూర ఉడికించిన నీళ్ళతోనే చారు చేస్తారు ఈడ. మా పక్క ఆ నీళ్ళు ఎనుముకు కుడితిగా పోస్తాం. తిన్నాక ఎనుము తెలివి తెలిసొచ్చింది. మొదటి ముద్ద సందు కాడ పెట్టినారు. మునియప్ప భార్య గురమ్మకు తినిపించింది. తినిన తర్వాత గురమ్మ చేతులు రెండూ గాల్లో ఎత్తి పట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, చెవి ఆ సందుకు ఆనించింది. పై అంతస్తులో ఎవురిదో కుక్కరు కూత వేసింది. ఆమె లేచి, "ఉండాడు," అనింది. మునియప్ప దంపతులు కండ్లకద్దుకున్నారు.

అప్పుడు నేను అడిగినా. "గురమ్మా, ఈ గాజులు తీయాల్నా, ఉంచుకోవాల్నా? మా ఆయన నిన్ను అడగమన్నాడు."

ఆమె నా మొగం చూడలేదు. నా కుడి చెయ్యి చూసింది. చాలాసేపు చూసింది.

"ముసుగు కింద చెప్తా," అనింది.

ముసుగు కింద

మునియప్ప నల్లకంబళి తెచ్చి మా ఇద్దరి మీదా కప్పి, తలుపు దగ్గరికేసి బయటికి పోయినాడు. సమాధి పక్కనే కూసున్నాం, మోకాళ్ళు మోకాళ్ళకు తగులుతాండాయి. కంబళిలో నెయ్యి, ఇబూది, ఎన్నో తలల నూనె వాసన. కండ్లు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. మా ఆయన గూడా ఇదే కంబళి కింద కూసోనుంటాడు. గురమ్మ నోరు నా చెవికొచ్చింది. ఊపిరి వెచ్చగా తగిలింది. ఇంక ఆ మాట వేస్తాదని ఒళ్ళంతా చెవి చేసుకున్నా.

"నీకేమన్నా ఇనపడతాదా?" అనింది.

నాకు అర్థం కాలేదు.

"మేస్త్రి నీతో మాట్లాడతాడా? నిజం చెప్పు తల్లీ. నాకు ఇన్నేండ్లలో ఒక్క మాట ఇనపడలేదు. ఆ రాయి నా చెవికే అరిగింది. ఉండాడు, ఉండాడు అని వాళ్ళకు చెప్తానే ఉండా."

గురువు పెండ్లానికే ఇనపడకపోతే నాకేం ఇనపడుతాది? అయినా నా నోరు నా మాట ఇనదు. "మా ఆయన బతికున్నప్పుడే మాట్లాడేవాడు కాదు గురమ్మా," అంటి.

ఆమె నవ్వింది. ముసలి ఒళ్ళంతా కదిలేట్ల నవ్వింది. ఆ కదలడంలో ఎడమ చెయ్యి బండకు తగిలి టిక్కుమనింది.

ఇద్దరం ఊపిరి బిగబట్టినాం, పగిలిందా లేదా అని. నేను బిగబట్టినా. ఆమె బిగబట్టింది, ఆమె రొమ్ము నా భుజానికి ఆనుకోనుంది కాబట్టి నాకు తెలుసు. అయినా ఆ కంబళి కింద ఊపిరి ఆడతాంది. మెల్లగా లోపలికి, మెల్లగా బయటికి. సందులోంచి చల్లగా నా పాదానికి తగిలి, మళ్ళా వెనక్కి పోతాంది. తొందరేమీ లేదు దానికి.

గురమ్మ గోళ్ళు నా చేతిలో దిగినాయి. ఆమెకూ ఇనపడింది.

"సామా?" అనింది.

"తెలీదు."

"మేస్త్రా?"

"తెలీదు గురమ్మా. గాలేమో."

అడిగేదానికి ఇంకేమీ మిగల్లేదు. వచ్చినోడుంటే కదా పోయేది అన్న మాట అప్పుడు తగిలింది నాకు, ఓదార్పుగా కాదు, భయంగా. రాకుండా పోకుండా ఉండేది ఏదో, పేరు లేకుండా, ఎవురి మొగుడూ కాకుండా, మా ఇద్దరు ముసలోళ్ళ నడుమ ఊపిరి తీస్తాంది. మా ఆయన సాయంత్రాలు పాడిన బయలు ఇదే అయితే, ఇట్లాంటి దాంట్లోకి ఆయన నవ్వుకుంటా ఎట్ల పోయినాడో. ఎంతసేపు ఉన్నామో చెప్పలేను. పోయిందని గూడా చెప్పలేను. మా ఊపిరి మళ్ళా మొదలైనాక దాంట్లో కలిసిపోయింది.

అప్పుడు గురమ్మ తడుముకునింది. దారం చేతికొచ్చింది, దారంతో పాటు గాజు ముక్కలు. కోడిపిల్ల మాదిరి సన్నగా ఒక శబ్దం చేసింది. "ఎడమ చెయ్యి బోడిదయింది. ఇప్పుడు బయటికెట్ల పోయేది? ఉండాడని ఏ మొగంతో చెప్పేది?"

గాజులాయన చెప్పిందే ఆమె చెప్పింది, అంగడి గాజు పనికిరాదని. చెప్పి, నా కుడి చెయ్యి తాకింది. గుంజలేదు. తాకి, ఊరకుండింది.

నేను రెండు మాటలు అనుకున్నా. ఇస్తే నేను ముండను, ఇంక అనుమానమే లేదు. ఇంకొకటి, మా ఆయన చచ్చుంటే ఈ గాజులు ఆమె చేతికి ఎక్కేవి కావు. ఆమెకు పనికొస్తాయంటే ఆయన చావలేదనే. రెండూ ఒకేసారి నిజమైనాయి ఆ చీకట్లో. చేతికి ఎంగిలి పూసుకుని, వేళ్ళు కలిపి, ఒకటొకటే జారదీసి ఆమె ఎడమ చేతికి ఎక్కించినా. సన్నటి చెయ్యి, అడ్డం లేకుండా ఎక్కినాయి. ఒక్కటి గూడా పగల్లేదు.

"మాట వెయ్యాల్నా నీ చెవిలో?" అనింది గురమ్మ.

"వద్దులే," అన్నా. "ఇనపడింది కదా."

కంబళి తీసినాక

మునియప్ప గురమ్మ చెయ్యి చూసినాడు, నా రెండు చేతులూ చూసినాడు. "సామి ఇచ్చినాడు," అని సాష్టాంగపడినాడు. ఆయన భార్య ఎప్పటి మాదిరి చెంబు తెచ్చి గురమ్మ నోటికి పెట్టబోతే, గురమ్మ చెయ్యి చాపి చెంబు తీసుకునింది. గాజులు గలగలమన్నాయి. తన చేత్తో ఎత్తి, కింద పోసుకుంటా, గటగటా తాగింది. మునియప్ప భార్య కొంగు నోట్లో కుక్కుకునింది.

నేను వస్తాంటే గురమ్మ గడప దాకా వచ్చి, ముసుగు కింద జరిగింది చెప్పుకుంటే చెప్పుకో మేస్త్రి పెండ్లామా, మఠం పేరు మాత్రం వద్దు అనింది. దిండు లోపలే ఉండిపోయింది.

ఊరికొచ్చినాక మా బావ చేతులు చూసి, ఇప్పటికి చచ్చినాడన్నమాట అన్నాడు. బోధోళ్ళు వచ్చి, ఉండేవాణ్ణి నువ్వే చంపితివి గదమ్మా అన్నారు. ఇద్దరికీ ఒకటే చెప్పినా, చచ్చినాడని తీయలేదు, ఉండాడని ఇచ్చినా అని. ఇద్దరికీ నచ్చలేదు. నచ్చకపోతే మానె. ఇప్పుడు ఎవురూ గడపలో నిలబడిపోరు. లోపలికొచ్చి కూసుని ఏడుస్తారు, నేనూ ఏడుస్తా, టీ తాగి పోతారు. ముండకు దక్కేది అది, అది గూడా ఇన్నాళ్ళూ దక్కలేదు నాకు.

తెల్లారి కసువు ఊడ్చేటప్పుడు మాత్రం, చేతికేమీ లేకపోయినా, గాజుల చప్పుడు ఇనపడతాది. చీపురు ఆపినా ఇనపడతాది. మొదట దడుచుకున్నా. ఇప్పుడు, గురమ్మ ఆడ ఏదో పని చేసుకుంటాంటాదిలే అనుకుని, మిగిలిన వాకిలి ఊడుస్తా.

సరళా, రాసింది చాలు. ముసుగు కింద మాట బయట పెట్టినానని బోధోళ్ళు అంటారు. నేను బోధ తీసుకోలేదు, నాకా కట్టుబాటు లేదు. అయినా ఆ ఊపిరి సంగతి నేను చెప్పినట్లే రాసినావో, నీ చదువుతో దాన్ని గాలి చేసేసినావో నాకు తెలియాల. ఏదీ, మొదట్నుంచి చదువు. మా ఆయన మాటలు వచ్చిన కాడ సొల్ప మెల్లగా చదువు తల్లీ.